స్పైరోమెట్రీ నార్మల్ అంటే వాపు లేనట్టు కాదు

ఊపిరితిత్తుల పరీక్షలు చేసే ల్యాబ్‌లో నా ఉద్యోగం. ఉబ్బసం ఉన్నవాళ్లు, ఉందేమోనన్న అనుమానంతో వచ్చినవాళ్లు రిపోర్టు చేతికి తీసుకుని ఎక్కువగా అడిగేది ఒకటే. "గట్టిగా ఊదాను, అంతా నార్మల్ అని వచ్చింది, మరి రాత్రిపూట ఈ దగ్గు, ఈ పిల్లికూతలు ఎందుకండీ?" వరసలో ఇంకో పేషెంటు ఎదురుచూస్తుండగా నిలబడి రెండు ముక్కల్లో చెప్పగలిగే జవాబు కాదిది, అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

స్పైరోమెట్రీ కొలిచేది గాలి ప్రవాహాన్ని. నిండుగా పీల్చి ఒక్కసారిగా వదిలినప్పుడు మొదటి సెకనులో ఎంత గాలి వచ్చింది, మొత్తం ఎంత వచ్చింది, ఈ రెండింటి నిష్పత్తి ఎంత, ప్రధానంగా దాని లెక్క అదే. ఇంట్లో పెట్టుకునే పీక్ ఫ్లో మీటరైనా గాలి జోరునే చూస్తుంది. ఆ పూట శ్వాసనాళాలు సన్నబడి ఉన్నాయో లేదో వీటితో బాగా తెలుస్తుంది, అందులో సందేహం లేదు. కానీ దాని వెనక ఉన్న వాపు, అంటే గొట్టాల గోడల్లోకి వచ్చి చేరిన ఎసినోఫిల్స్, న్యూట్రోఫిల్స్ లాంటి తెల్లకణాలు, అవి విడిచే రసాయనాలు, దెబ్బతిన్న లోపలి పొర, జిగురుగా చిక్కబడ్డ కఫం, ఇవేవీ ఆ గ్రాఫులో నేరుగా కనబడవు. పైగా ఉబ్బసం పూటపూటకీ మారే జబ్బు. మధ్యాహ్నం ల్యాబ్‌కి వచ్చి హాయిగా ఊదిన మనిషే తెల్లవారుజామున మంచం మీద లేచి కూర్చుని రొప్పుతూ ఉండొచ్చు. సాల్బ్యుటమాల్ (వెంటనే ఉపశమనం ఇచ్చే రిలీఫ్ ఇన్‌హేలర్ మందు) రెండు పఫ్‌లు పీల్చుకుని వస్తే గొట్టాల చుట్టూ ఉన్న కండరం వదులై రిపోర్టు ఇంకా బాగా వస్తుంది, వాపు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. నాకు అన్నిటికన్నా బెంగగా అనిపించేది ఇలాంటివాళ్ల గురించే. రిలీఫ్ ఇన్‌హేలర్ మీదే బండి లాగిస్తూ, ఊదుడు పరీక్ష బాగుందని ధైర్యపడి, వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మానేసేవాళ్లు.

మరి వాపుని నేరుగా చూడాలంటే? బ్రాంకోస్కోపీ చేసి, సన్నటి గొట్టం లోపలికి పంపి, గోడలోంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూడాలి, లేదా సెలైన్ పోసి వెనక్కి లాగి ఆ ద్రవంలో కణాలు లెక్కపెట్టాలి. ఉబ్బసం అంటే గొట్టాలు బిగుసుకోవడమే అనుకునే రోజులు పోయి, తేలికపాటి ఉబ్బసంలోనూ గోడల్లో వాపు ఉంటుందని గట్టిగా తెలిసింది ఇలాంటి బయాప్సీల వల్లే. కానీ మత్తు మందు, గొంతులోకి గొట్టం, సున్నితంగా ఉన్న నాళాలు మరింత బిగుసుకునే ప్రమాదం, వీటన్నిటితో మూడు నెలలకోసారి ఎవరికి చేయగలం? పసిపిల్లలకి చేయగలమా? వాపు మందులతో తగ్గుతూ, వైరస్‌తో పెరుగుతూ, ఎలర్జీ సీజన్‌తో మారుతూ ఉండేది కాబట్టి దాన్ని మళ్లీ మళ్లీ చూడాలి. లోపలికి వెళ్లకుండా బయటికి వచ్చేవాటిలోనే, అంటే ఊపిరిలో, కఫంలో, కొంతవరకు రక్తంలో, వాపు జాడ వెతకడం అలా మొదలైంది. (రక్తం తీయడానికి సూది గుచ్చాలి కదా అంటే గుచ్చాలి, అయినా బ్రాంకోస్కోపీ పక్కన పెట్టి చూస్తే అదేమంత పెద్ద విషయం కాదు, అందుకే దీన్నీ ఈ కోవలోనే కలిపి మాట్లాడతాను.)

వీటిలో నాకు బాగా పరిచయమైనది ఫీనో. వదిలే ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ ఎంత ఉందో కొలిచే పరీక్ష. వాహనాల పొగలో ఉండే కాలుష్య వాయువుగానే చాలాకాలం అందరికీ తెలిసిన ఈ నైట్రిక్ ఆక్సైడ్‌ని మన ఒళ్లే తయారుచేసుకుంటుందని, రక్తనాళాలు వదులవడానికి సంకేతంగా వాడుకుంటుందని కనిపెట్టినందుకు 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మ్యూరాడ్‌లకి నోబెల్ ఇచ్చారు. ఆ బహుమతికి ముందే, 1991లో, స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన గుస్తాఫ్‌సన్ బృందం కుందేళ్లు, గినీ పందులు, మనుషులు వదిలే ఊపిరిలో ఈ వాయువు ఉందని చూపించింది. 1993లో ఆల్వింగ్, ఆయన సహచరులు ఉబ్బసం ఉన్నవాళ్ల ఊపిరిలో ఇది ఎక్కువగా ఉందని రాశారు. పదేళ్లు తిరిగేసరికి, 2003లో, అమెరికాలో మందులకీ, వైద్య యంత్రాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఈ పరీక్ష చేసే మొదటి యంత్రానికి అనుమతి ఇచ్చింది.

ఎందుకు పెరుగుతుందన్నది కాస్త ఓపిగ్గా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే ఈ పరీక్ష ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో అంతా అందులోనే ఉంది. ఎలర్జీ తరహా వాపులో ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-13 అనే రసాయన సంకేతాలు ఎక్కువవుతాయి. ఇవి శ్వాసనాళాల లోపలి పొరలోని కణాలకి తగిలి, నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైమ్‌ని పెంచుతాయి. తయారైన వాయువు గోడలోంచి ఊరి, బయటికి వెళ్లే ఊపిరిలో కలుస్తుంది. అంటే ఫీనో చూపించేది ఎసినోఫిల్స్ సంఖ్యని కాదు, ఆ ఇంటర్‌ల్యూకిన్-13 దారి ఎంత చురుగ్గా ఉందో దాన్ని. చాలామందిలో ఈ రెండూ కలిసే నడుస్తాయి కాబట్టి మామూలుగా తేడా తెలియదు. కొందరిలో విడిపోతాయి, అప్పుడే తికమక.

పరీక్ష చేసే తీరులో ప్రతి చిన్న నియమానికీ కారణం ఉంది. యంత్రం ఫిల్టర్ ద్వారా నైట్రిక్ ఆక్సైడ్ లేని గాలిని నిండుగా పీల్చమంటాం, బయటి గాలిలో ఉన్నది లెక్కలో కలవకూడదు కాబట్టి. తర్వాత ఆపకుండా, మెల్లగా, ఒకే వేగంతో వదలమంటాం, సెకనుకి 50 మిల్లీలీటర్లు. పెద్దవాళ్లు 10 సెకన్లు, చిన్నపిల్లలు 6 సెకన్లు. స్పైరోమెట్రీకి అలవాటుపడ్డవాళ్లు అదే ఊపులో గట్టిగా ఊదేస్తారు, యంత్రం ఒప్పుకోదు. వేగంగా వదిలితే గోడలోంచి ఊరిన వాయువు కలవడానికి సమయం చాలక అంకె తగ్గిపోతుంది, మరీ నిదానంగా వదిలితే పెరుగుతుంది, అందుకే ఆ 50 అన్న కట్టుబాటు. కొంచెం అడ్డు ఉన్న గొట్టంలోకే ఊదిస్తాం, ఎందుకంటే అలా ఒత్తిడి మీద ఊదినప్పుడు అంగిలి వెనక భాగం పైకి లేచి ముక్కు దారి మూసుకుంటుంది. ముక్కు చుట్టూ ఉండే సైనస్‌లలో నైట్రిక్ ఆక్సైడ్ శ్వాసనాళాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, అది కొంచెం కలిసినా రిపోర్టు పనికిరాదు. స్పైరోమెట్రీ, ఫీనో రెండూ ఒకేరోజు ఉంటే ఫీనోనే ముందు చేయాలి, గట్టిగా ఊదిన తర్వాత అంకె కాసేపు తగ్గి కనిపిస్తుంది. పరీక్షకి ముందు గంటసేపు తినడం, తాగడం, వ్యాయామం వద్దంటాం. నైట్రేట్ ఎక్కువగా ఉండే ఆకుకూరలు, బీట్‌రూట్ లాంటివి తిని వస్తే అంకె పెరగొచ్చు.

ఇక అంకెలు. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2011లో ఇచ్చిన కొలమానం ఇప్పటికీ అందరి నోళ్లలో ఉంది. పెద్దవాళ్లలో 25 పీపీబీ కన్నా తక్కువైతే ఎసినోఫిల్ తరహా వాపు ఉండకపోవచ్చు, 50 దాటితే ఉండే అవకాశం ఎక్కువ, స్టెరాయిడ్ పనిచేసే అవకాశం కూడా ఎక్కువ. పిల్లల్లో ఆ గీతలు 20, 35. మధ్యలో పడ్డవాళ్ల సంగతి మనిషిని చూసి తేల్చుకోవాలి. పీపీబీ అంటే నూరు కోట్ల పాళ్లలో ఒక పాలు, అంత సూక్ష్మమైన మోతాదుని చేతిలో పట్టే పెట్టె కొలుస్తోందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. బ్రిటన్‌లో 2024 నవంబరులో మూడు సంస్థలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇంకో అడుగు ముందుకేశారు. లక్షణాలు ఉబ్బసంలా ఉన్న పెద్దవాళ్లలో ఫీనో 50 లేదా అంతకు మించి ఉన్నా, రక్తంలో ఎసినోఫిల్స్ ల్యాబ్ పరిధిని దాటినా, ఉబ్బసమని నిర్ధారించవచ్చన్నారు. గాలి ప్రవాహం పరీక్షల కన్నా ముందు వాపు పరీక్షని పెట్టారన్నమాట. నాకు ఇది చాలా నచ్చిన మార్పు.

అయితే ఈ అంకెని ఒంటరిగా చూసి మనిషి మీద తీర్పు చెప్పేస్తే మాత్రం నాకు ప్రాణం ఉసూరుమంటుంది. సిగరెట్ తాగేవాళ్లలో అంకె తగ్గిపోతుంది, వాపు ఉన్నా తక్కువగానే వస్తుంది. ఉబ్బసం లేకపోయినా ఎలర్జీ తుమ్ములు, ముక్కు కారడం ఉన్నవాళ్లలో పెరుగుతుంది. జలుబు చేసినప్పుడు పెరుగుతుంది. పొడుగ్గా ఉన్నవాళ్లలో కొంచెం ఎక్కువ, ఆడవాళ్లకన్నా మగవాళ్లలో కొంచెం ఎక్కువ. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడితే కొద్దిరోజుల్లోనే దిగుతుంది, కాబట్టి మందు వాడుతున్న మనిషిలో 22 వచ్చిందంటే అది మందు పనిచేస్తోందని చెబుతూ ఉండొచ్చు, జబ్బు లేదని కాదు. ఇదే కారణంగా తీవ్రమైన ఉబ్బసంలో, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లకి గీనా అనే అంతర్జాతీయ ఉబ్బసం సంస్థ మార్గదర్శకాలు గీతని 20కే దించాయి, అంత మందు వాడుతున్నా 20 లేదా ఆ పైన ఉందంటే ఆ తరహా వాపు ఇంకా మిగిలి ఉన్నట్టు లెక్కలోకి తీసుకోమని. న్యూట్రోఫిల్స్ ఎక్కువగా ఉండే తరహా వాపు ఈ పరీక్షకి దాదాపు చిక్కనే చిక్కదు. అక్కడ అంకె తక్కువ వచ్చిందని "నీకేం లేదు, అంతా టెన్షన్" అని మనిషిని పంపేయడం అన్యాయం.

ఫీనోతో జరిగే పనుల్లో నాకు అన్నిటికన్నా విలువైనదనిపించేది ఒకటుంది. ఎక్కువ మోతాదు ఇన్‌హేలర్ రాసినా అంకె 80, 90 దగ్గరే ఉందనుకోండి. రెండు కారణాలు ఉండొచ్చు. మందు నిజంగా సరిపోవడం లేదు, లేదా మందు లోపలికి చేరడం లేదు. చేరకపోవడం అంటే వాడకపోవడమే కానక్కర్లేదు, ఇన్‌హేలర్ నొక్కే సమయానికి పీల్చడం కుదరకపోవచ్చు, పౌడర్ ఇన్‌హేలర్‌ని తగినంత జోరుగా లాగకపోవచ్చు. బెల్‌ఫాస్ట్‌లో పరిశోధకులు 2012లో ఒక తేలికైన పద్ధతి చూపించారు. ఏడు రోజులపాటు ఇన్‌హేలర్ స్టెరాయిడ్‌ని ఎదురుగా ఒకరు చూస్తుండగా సరిగ్గా తీసుకునేలా చేసి, ఫీనో కొలిచారు. అంకె జారిపోయిందంటే ఇన్నాళ్లూ మందు అందలేదన్నమాట, మందు మార్చాల్సిన పని లేదు, వాడే తీరు సరిచేస్తే చాలు. జారలేదంటే అది మొండి వాపు, అప్పుడు ఖరీదైన బయలాజిక్ ఇంజెక్షన్ల (వాపులోని ఒక్కో సంకేతాన్ని గురిపెట్టి అడ్డుకునే మందులు) గురించి ఆలోచించడం సబబు. ఎవరినీ దోషిగా నిలబెట్టకుండా, "మందు వాడుతున్నారా లేదా" అని గుచ్చి గుచ్చి అడగకుండా విషయం తేలిపోతుంది. అడిగితే నొచ్చుకునే పేషెంట్లు కూడా ముందు, తర్వాత అంకెలు పక్కపక్కన పెట్టి చూపిస్తే ఆసక్తిగా వింటారు.

బయలాజిక్ ఇంజెక్షన్ల దగ్గరే ఆ తికమక సంగతి కూడా బయటపడుతుంది. మెపోలిజుమాబ్, బెన్రలిజుమాబ్ ఎసినోఫిల్స్ మీద గురిపెట్టినవి, వాటితో రక్తంలో ఎసినోఫిల్స్ పడిపోతాయి, ఫీనో మాత్రం పెద్దగా కదలదు. డుపిలుమాబ్ ఇంటర్‌ల్యూకిన్-4, 13 దారిని మూసేస్తుంది, దానితో ఫీనో గబగబా దిగుతుంది, రక్తంలో ఎసినోఫిల్స్ కొందరిలో తాత్కాలికంగా పెరుగుతాయి కూడా. కాబట్టి మెపోలిజుమాబ్ మొదలుపెట్టి "ఫీనో తగ్గలేదు, ఇంజెక్షన్ పనిచేయట్లేదు" అని బాధపడకూడదు, డుపిలుమాబ్ మీద ఉండి ఎసినోఫిల్స్ కాస్త పెరిగాయని వెంటనే హడలిపోనక్కర్లేదు, ఎంత పెరిగాయో డాక్టరుకి చూపించాలి. వాపు ఒకటే అయినా దానిలో రెండు దారులు, ఒక్కో పరీక్ష ఒక్కో దారిని చూస్తుంది.

ఇక కఫం. వినడానికి చాలామందికి రోతగా ఉంటుంది కానీ శ్వాసనాళాల్లో ఏ కణాలున్నాయో కళ్లతో చూడగలిగే దారి, లోపలికి గొట్టం దించకుండా, ఇదొక్కటే. దీని చరిత్ర కూడా ఫీనో కన్నా చాలా పాతది. 1958లోనే మారో-బ్రౌన్ అనే బ్రిటిష్ డాక్టర్ మామూలు మైక్రోస్కోప్‌తో రోగుల కఫం చూసి, ఎసినోఫిల్స్ ఉన్నవాళ్లకే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర పనిచేస్తోందని లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. ఇప్పుడు మనం ఎంతో ఆధునికంగా చెప్పుకునే "ఎవరికి ఏ తరహా వాపో తెలుసుకుని మందివ్వాలి" అన్న మాట అప్పుడే ఆయన చేసి చూపించారు. తర్వాత దశాబ్దాలపాటు దాన్ని దాదాపు పక్కన పెట్టేశారు. 1990లలో కెనడాలోని హామిల్టన్‌లో ఫ్రెడీ హార్‌గ్రీవ్ బృందం కఫం తెప్పించి కణాలు లెక్కపెట్టే పద్ధతిని ఒక దారిలో పెట్టింది.

పద్ధతి ఇలా ఉంటుంది. కఫం దానంతట అది రానివాళ్లకి మామూలు సెలైన్ కన్నా ఉప్పు ఎక్కువగా ఉన్న ద్రావణం, 3 నుంచి 5 శాతం దాకా, నెబ్యులైజర్‌తో పీల్పిస్తాం. ఉప్పు నీటిని లాగి, నాళాల్లోని జిగురుని వదులు చేసి, దగ్గు తెప్పిస్తుంది. అదే ఉప్పు నాళాలని బిగించగలదు కూడా, కాబట్టి ముందు సాల్బ్యుటమాల్ ఇస్తాం, మధ్యమధ్య స్పైరోమెట్రీ చూస్తూనే ఉంటాం, మొదటి సెకను గాలి 20 శాతం పడిపోతే ఆపేస్తాం. వచ్చినదాంట్లో లాలాజలం వేరుచేసి, చిక్కటి కఫం ముద్దలు ఎంచి, జిగురు విడగొట్టే మందు కలిపి, స్లయిడ్ మీదకి ఎక్కించి, రంగు వేసి కనీసం 400 కణాలు లెక్కపెట్టాలి. ఇదంతా రెండు గంటల్లోపు మొదలవ్వాలి, లేకపోతే కణాలు పాడైపోతాయి. ఎసినోఫిల్స్ 2 లేదా 3 శాతం దాటితే ఎసినోఫిల్ వాపు అంటాం. న్యూట్రోఫిల్స్ ఆరోగ్యవంతుల్లోనూ బాగానే ఉంటాయి కాబట్టి వాటికి గీత గీయడం కష్టం, ఒక్కో చోట ఒక్కో అంకె వాడతారు, 60 నుంచి 76 శాతం మధ్యలో.

ఇంత శ్రమ దేనికంటే 2002లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో గ్రీన్, పావోర్డ్ బృందం చేసిన అధ్యయనం చూడాలి. 74 మంది ఉబ్బసం రోగులని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి లక్షణాలు, పీక్ ఫ్లో చూసి మామూలుగా మందు సర్దారు, రెండో గుంపుకి కఫంలో ఎసినోఫిల్స్ తక్కువగా ఉంచడమే లక్ష్యంగా సర్దారు. ఏడాదిలో మొదటి గుంపులో తీవ్రమైన ఎటాక్‌లు 109, రెండో గుంపులో 35. సగటున వాడిన స్టెరాయిడ్ మోతాదు మాత్రం రెండో గుంపులో ఎక్కువేం లేదు. అంటే మందు పెంచడం వల్ల కాదు, అవసరమైనవాళ్లకి పెంచి, అక్కర్లేనివాళ్లకి తగ్గించడం వల్ల వచ్చిన తేడా ఇది. నేను ఈ రంగంలో ఉండటానికి ఒక కారణం చెప్పమంటే ఈ రెండు అంకెలే చెబుతాను.

మరి కఫం పరీక్ష అంతటా ఎందుకు లేదు? శిక్షణ ఉన్న చేతులు, గంటల సమయం, స్లయిడ్ చదవగల కళ్లు కావాలి, ఎంత ప్రయత్నించినా కొందరికి పనికొచ్చే కఫం రాదు. రోజూ వందమందిని చూసే చోట ఇది కుదిరే పని కాదని నాకూ తెలుసు. కానీ మాత్రల రూపంలో స్టెరాయిడ్ నెలల తరబడి మింగుతూ, ఎముకలు గుల్లబారి, షుగర్ వచ్చి కూడా ఉబ్బసం అదుపులోకి రాని మనిషికి కనీసం ఒక్కసారైనా ఈ పరీక్ష అందాలని నా గట్టి నమ్మకం. అలాంటివాళ్ల కఫంలో ఎసినోఫిల్స్ లేకుండా న్యూట్రోఫిల్స్ నిండి ఉంటే, పక్కనే ఏదైనా ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూడాలి తప్ప స్టెరాయిడ్ పెంచితే వచ్చేది అంతగా ఏమీ ఉండదు. స్టెరాయిడ్ ఎసినోఫిల్స్‌ని చంపుతుంది, న్యూట్రోఫిల్స్ ఆయుష్షుని పొడిగిస్తుంది.

యంత్రం ఏదీ లేకుండానే కఫం రంగు కూడా కొంత చెబుతుంది. న్యూట్రోఫిల్స్‌లో ఉండే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ సహజంగానే ఆకుపచ్చగా ఉంటుంది, అందుకే సీఓపీడీ (ఎక్కువగా పొగ వల్ల శ్వాసనాళాలు శాశ్వతంగా సన్నబడే జబ్బు), బ్రాంకియెక్టాసిస్ (నాళాలు సాగిపోయి కఫం నిలిచిపోయే జబ్బు) ఉన్నవాళ్లలో కఫం తెలుపు నుంచి పసుపుకి, పసుపు నుంచి పచ్చకి మారుతోందంటే న్యూట్రోఫిల్ వాపు పెరుగుతోందని అర్థం చేసుకోవచ్చు. ఉబ్బసంలో మాత్రం ఎసినోఫిల్స్ వల్ల కూడా పసుపు రంగు రావచ్చు, రంగు చూసి వెంటనే యాంటీబయాటిక్ కొనేసుకోవద్దు.

రక్తంలో ఎసినోఫిల్స్ గురించి క్లుప్తంగా చెప్తాను. మామూలు రక్త పరీక్షలో భాగం, ఎక్కడైనా దొరుకుతుంది, కాబట్టి ఆచరణలో ఎక్కువగా వాడేది ఇదే. శాతం కాకుండా అసలు సంఖ్య చూడాలి, మైక్రోలీటరుకి ఎన్ని అని. తీవ్రమైన ఉబ్బసంలో 150 లేదా ఆ పైన ఉంటే ఎసినోఫిల్ తరహా వాపుకి ఒక ఆధారంగా తీసుకుంటారు. సీఓపీడీలో ఫీనో పెద్దగా అక్కరకు రాదు కానీ ఈ సంఖ్య బాగా పనికొస్తుంది. 300 దాటితే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ కలపడం వల్ల లాభం ఎక్కువ, 100 లోపు ఉంటే లాభం తక్కువ, న్యుమోనియా భయం మాత్రం ఉంటుంది. ఈ సంఖ్య పగలు తగ్గి రాత్రికి పెరుగుతుంది, స్టెరాయిడ్ మాత్రలు మింగితే గంటల్లో పడిపోతుంది, పేగుల్లో నులిపురుగులు ఉన్నా పెరుగుతుంది. ఎటాక్ వచ్చి ప్రెడ్నిసొలోన్ వాడుతున్న వారంలో తీసిన రక్తంలో ఎసినోఫిల్స్ సున్నా అని వస్తే దాన్ని పట్టుకుని "ఎసినోఫిల్ ఉబ్బసం కాదు" అనకూడదు, పాత రిపోర్టులన్నీ తిరగేసి అత్యధికంగా ఎప్పుడు ఎంత ఉందో చూడాలి. పాత కాగితాలు పారేయకండి అని నేను ప్రతి ఒక్కరికీ చెప్పేది ఇందుకే.

ఇంకా కొన్ని పద్ధతులున్నాయి, పరిశోధనల్లోంచి పూర్తిగా బయటికి రానివి. వదిలే ఊపిరిని చల్లటి గొట్టంలోంచి పంపితే ఆవిరి నీటి చుక్కలుగా మారుతుంది, పది పదిహేను నిమిషాల్లో ఒకటి రెండు మిల్లీలీటర్లు పోగవుతుంది. అందులో ఆమ్లత, హైడ్రోజన్ పెరాక్సైడ్, ల్యూకోట్రయిన్‌లు అనే వాపు రసాయనాలు కొలవాలని చూశారు, 2005లో దీనిపై అంతర్జాతీయ నివేదిక కూడా వచ్చింది. మామూలుగా ఊపిరి తీసుకుంటూ ఉంటే చాలు కాబట్టి చిన్నపిల్లలకి కూడా సులువే. చిక్కేమిటంటే వచ్చేదంతా దాదాపు నీరే, అందులో మనకి కావలసిన పదార్థం కొలతకి అందనంత పలచగా ఉంటుంది, ఎంత పలచబడిందో తెలియదు, లాలాజలం కొంచెం కలిసినా లెక్క తప్పుతుంది. ఈ కారణంగానే రోజువారీ వైద్యంలోకి రాలేదు, త్వరలో వస్తుందని కూడా నాకు నమ్మకం లేదు.

ఎలక్ట్రానిక్ ముక్కు మీద మాత్రం నాకు ఆశ ఉంది. అమెరికన్ రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ 1971లో మనిషి ఊపిరిలో దాదాపు 250 పదార్థాలు గుర్తించారు. ఇప్పుడు అంతకన్నా ఎన్నో ఎక్కువ తెలుసు. వీటిలో ఒక్కొక్కదాన్నీ విడిగా కొలవకుండా, రకరకాల సెన్సర్ల మీదకి ఊపిరిని పంపి, మొత్తం మీద వచ్చే నమూనాని కంప్యూటర్‌తో గుర్తుపట్టించడం ఈ పద్ధతి. ఎసినోఫిల్ వాపునీ, న్యూట్రోఫిల్ వాపునీ ఒకే ఊదుతో విడదీయగలిగితే అంతకన్నా ఏం కావాలి? కానీ ఒక కేంద్రంలో నేర్పిన యంత్రం ఇంకో కేంద్రంలో అంతే బాగా పనిచేయాలి, తిన్న తిండి, గదిలో గాలి, సిగరెట్, వేరే మందులు అన్నీ ఆ నమూనాని మారుస్తాయి, ఆ లెక్కలు ఇంకా తేలాలి.

సీటీ స్కాన్‌లో కఫం గడ్డకట్టి మూసుకుపోయిన నాళాలని లెక్కపెట్టడం కూడా ఈ మధ్య బాగా వినిపిస్తోంది, ఊపిరితిత్తుల ఒక్కో భాగంలో అలాంటి ప్లగ్‌లు ఉన్నాయా లేవా అని స్కోరు వేస్తారు, ఎక్కువ ఉన్నవాళ్లలో ఎసినోఫిల్ వాపు ఎక్కువగా కనబడింది. రేడియేషన్ ఉంది కాబట్టి ఊరికే మళ్లీ మళ్లీ తీయలేం.

పిల్లల తల్లిదండ్రులకి విడిగా ఒక మాట. ఐదేళ్లు దాటిన పిల్లలు చాలామంది ఫీనో చేయగలరు, తెర మీద బొమ్మ ఎగురుతూ ఉంటే దాన్ని గీతల మధ్యలో ఉంచేలా ఊదమంటే ఆటలా చేసేస్తారు, నొప్పి లేదు, అలసట లేదు. పుట్టినప్పటి నుంచీ తడి దగ్గు, ఎప్పుడూ కారే ముక్కు, మాటిమాటికీ చెవిలో చీము ఉన్న పిల్లలకి ముక్కులోని నైట్రిక్ ఆక్సైడ్ కొలిచే పరీక్ష వేరే ఉంది. అక్కడ వెతికేది ఎక్కువ అంకెని కాదు, బాగా తక్కువ అంకెని. శ్వాసనాళాల్లోని సన్నటి నూగు కదలని జబ్బులో, ప్రైమరీ సీలియరీ డిస్కినీసియా అంటారు, ముక్కులో ఈ వాయువు చాలా తక్కువగా ఉంటుంది. ఉబ్బసం అనుకుని ఏళ్ల తరబడి ఇన్‌హేలర్లు వాడిస్తున్న పిల్లల్లో ఇలాంటివాళ్లు ఉంటారు, కాబట్టి ఈ లక్షణాలన్నీ ఉంటే డాక్టరుని తప్పకుండా అడగండి.

ఫీనో మళ్లీ చేయించినప్పుడు ఎంత మారితే మారినట్టు అని కూడా అడుగుతుంటారు. 50 కన్నా పైన ఉన్నవాళ్లకి 20 శాతం దాటి మారాలి, 50 లోపు ఉన్నవాళ్లకి 10 పీపీబీ దాటి మారాలి. 31 నుంచి 36 అయిందని బెంగ అక్కర్లేదు, 70 నుంచి 66 అయిందని సంతోషపడటానికీ లేదు. పోల్చేటప్పుడు మీ పాత అంకెతోనే పోల్చండి, పక్కింటివాళ్ల అంకెతో వద్దు. పరీక్షకి వచ్చినప్పుడు టెక్నీషియన్ అడగకపోయినా మీరే చెప్పాల్సినవి కొన్ని: చివరిసారి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఎప్పుడు పీల్చారు, ఎంత మోతాదు, గత కొద్ది వారాల్లో ప్రెడ్నిసొలోన్ మాత్రలు మింగారా, జలుబు ఉందా, ఎలర్జీ ఉందా, సిగరెట్ తాగుతారా, గంటలోపు ఏమైనా తిన్నారా. ఇవన్నీ రిపోర్టులో అంకె పక్కనే రాయించుకోండి, ఆర్నెల్ల తర్వాత ఇంకో డాక్టరు దాన్ని చదివేటప్పుడు ఆ 38 మందు మీద ఉండగా వచ్చిందో, మానేశాక వచ్చిందో తెలియాలి.